విలన్‌కు బేడీలు ఎలా వేస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి

నేను రాస్తున్న క్రైమ్ నవలలో హనుమకొండలో హత్య చేసినవాడు ఏటూరునాగారంలో దొరుకుతాడు. ఎస్సై వాణ్ని రాత్రిపూట జీపులో వెనక్కి తేవాలి. అక్కడే కథ ఆగిపోయింది.

మన సినిమాల్లో ఎంత కిరాతకుడికైనా చేతులు ముందుకు పెట్టించి బేడీలు వేస్తారు. కాపలాకు ఒక్క కానిస్టేబుల్, ఆయనా కునుకు తీస్తుంటాడు. ఇంకేముంది, ఆ గొలుసే ఆయన మెడకు బిగుసుకుంటుంది. హెయిర్‌పిన్‌తో తాళం తీసే సీన్ల సంగతి చెప్పక్కర్లేదు.

చట్టం కొంత చదివాను. అందరికీ మామూలుగా బేడీలు వేయకూడదని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ హత్య లాంటి నేరాల్లో వేయొచ్చంటోంది. అంటే నా విలన్‌కు వేయొచ్చు. ఎలా అన్నదే తెలియాలి.

పోలీసు శాఖలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి సార్. అంత దూరం చేతులు వెనక్కి పెట్టే కూర్చోబెడతారా? మణికట్టు మీద ఇంకా బిగుసుకోకుండా ఆపే డబుల్ లాక్ ఉన్న బేడీలు మండల స్టేషన్లలో ఉంటాయా, లేక తాడు కట్టిన పాత రకమేనా? తాళంచెవి పక్కనున్న కానిస్టేబుల్ దగ్గరుంటుందా, ముందు సీట్లో ఎస్సై దగ్గరా? ములుగు దాటాక వాడు మూత్రానికి ఆపమంటే ఏం చేస్తారు? నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం, వాడు పారిపోవాల్సింది అక్కడే.