ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉంటే కంటి నరంలో ద్రవం సరిగ్గా పారదా?

పెరటిజామ:
అమ్మకి షుగర్ ఇంకా రాలేదు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9. కానీ పరగడుపున గ్లూకోజ్ 104, ఇన్సులిన్ 22, గుణించి 405తో భాగిస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ని, అంటే ఇన్సులిన్‌కి ఒళ్ళు ఎంత మొండికేస్తోందో చెప్పే హోమా ఐఆర్ 5.6 దాటింది. షుగర్ వచ్చాక కళ్ళు చూపించుకోవచ్చులే అంటున్నారు ఇంట్లో, నాకది అస్సలు నచ్చట్లేదు. టైప్ 2 డయాబెటిస్ ఉన్న ఎలుకలకి ఎంఆర్ఐ తీస్తే మెదడులోంచి ద్రవం నెమ్మదిగా బయటికి పోతోందని 2017లోనే తేలింది. రెటీనాలోని (కంటి వెనక తెరలోని) అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్ లాంటి చెత్త కంటి నరం గుండా బయటికి పోతుందని 2020లో, అదీ ఎలుకల్లోనే, చూపించారు. రెండూ కలిపి చూస్తే కన్ను ముందే దెబ్బతింటున్నట్టే కదా?

రెటీనా_రాత్రులు:
ఆ కలపడంలోనే చిక్కుందండీ. మెదడులో ద్రవాన్ని నెట్టేది ముఖ్యంగా ధమనులు కొట్టుకోవడం, అవి గట్టిపడితే ఆ ఊపు తగ్గుతుందంటే ఒప్పుకుంటా. కంటి నరంలో కథ వేరు, అక్కడ నెట్టేది కంటి లోపలి ఒత్తిడికీ పుర్రె లోపలి ఒత్తిడికీ ఉన్న తేడా. ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్నవాళ్ళకి కంటి ఒత్తిడి కాస్త ఎక్కువే ఉంటుంది, ఆ లెక్కన పారడం పెరగాలి మరి! పైగా మనుషుల్లో ఎంఆర్ఐతో చూసే ఆల్ప్స్ సూచీ మెదడు జఠరికల (ద్రవం నిండిన గదుల) పక్కన నీటి కదలికని కొలుస్తుంది, కంటి నరాన్ని కాదు. దాన్ని కంటికి సాక్ష్యంగా తేవద్దు.

పెరటిజామ:
ఆల్ప్స్ మాట ఒప్పుకున్నా. కానీ నెట్టే బలం వేరైనా తలుపు ఒకటే కదండీ, రెండుచోట్లా ఆక్వాపోరిన్-4 అనే నీటి మార్గమే. పైగా ఆ 2020 ప్రయోగంలోనే పుర్రె ఒత్తిడి పెంచితే కంటినుంచి పోవడం ఆగింది. ఊబకాయంతో పుర్రెలో ఒత్తిడి పెరిగేవాళ్ళు ఉన్నారు, అమ్మ బరువు 84 కిలోలు.

రెటీనా_రాత్రులు:
అదైతే బలమైన పాయింటే. అయినా షుగర్ వాళ్ళ మాక్యులాలో (రెటీనా నడిమి భాగంలో) నీరు చేరేది ముఖ్యంగా రక్తనాళాలు కారడం వల్ల, అందుకే నాళాలని కారేలా చేసే ప్రోటీన్ వీఈజీఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్‌తో చాలామందికి వాపు దిగుతుంది. నా ఓటు ఇప్పటికీ లీకేజీకే. పరీక్ష మాత్రం వాయిదా వేయకండి, చుక్కలు వేయించి రెటీనా చూపించండి, చూపు ఎంత మేర అందుతోందో చూసే ఫీల్డ్ టెస్ట్ కూడా.

పెరటిజామ:
ఫీల్డ్ టెస్ట్ నిన్ననే అయింది. గడ్డం ఆనించి, మినుకుమన్న ప్రతి చుక్కకీ బటన్ నొక్కుతూ, ఎడమ కంటికొచ్చేసరికి అమ్మ అలిసిపోయింది, మళ్ళీ చేయాలన్నారు. శనివారం వెళ్తున్నాం. రిపోర్ట్ ఇక్కడే పెడతా, వాదన అక్కణ్ణుంచి సాగిద్దాం.