మిల్లు తవుడు డబ్బులు నా ఫోన్‌పేకి వస్తున్నాయి, జీఎస్టీ లాగిన్ నా నంబరు మీద ఉంది. ఎలా బయటపడాలండీ?

తణుకు_బీకాం:

నమస్కారం అండి. బీకాం 58 శాతంతో పాసై, తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నాను. చేరి 14 నెలలు. భాగస్వామ్య సంస్థ. సివిల్ సప్లైస్ ధాన్యం ఆడతారు, సొంత వ్యాపారం కూడా ఉంది. ఆఫీసు, మిల్లు కలిపి 26 మందిమి. జీతం 14,500, సగం బ్యాంకులో వేస్తారు, సగం చేతికిస్తారు. లెటర్ ఇవ్వలేదు, పీఎఫ్ లేదు.

తవుడు, ఊక కొనేవాళ్లు నా ఫోన్‌పేకి కొడతారు, నెలకి మూడు నాలుగు లక్షలు. అందులోంచి ముఠా (బస్తాలు మోసేవాళ్ల) కూలి ఇచ్చి, మిగతాది తీసి ఓనర్ గారి చేతికిస్తాను. జీఎస్టీ పోర్టల్‌లో మొబైల్, మెయిల్ రెండూ నావే. నేను చేరిన నెలలోనే 24 లక్షల సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే) మిషన్ కొన్నారు. దాని జీఎస్టీ 4,32,000 మొత్తం క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మకాల పన్నులో తగ్గించుకోవడం) తీసేసుకున్నాను. బియ్యం ఎక్కువగా 26 కిలోల బస్తాలే. ఇప్పుడు ఆడిటర్ గారు అది తప్పు, వెనక్కి కట్టాలి అన్నారు. ఆ మొత్తం నా జీతంలో కోస్తామని ఓనర్ గారి మాట.

సీఏ ఇంటర్‌కి కట్టాలా, సీఎంఏకా (కాస్ట్ అకౌంటెన్సీ), లేక హైదరాబాద్ వెళ్లిపోవాలా అన్నది కూడా తేలడం లేదు.

ఆవర్జా:

ముందు ఫోన్‌పే ఆపాలి తమ్ముడూ. మిగతావాటికి వారం ఆగినా నష్టం లేదు, దీనికి మాత్రం రేపటి వరకూ కూడా ఆగొద్దు. నీ పాన్ మీద ఉన్న ఖాతాలోకి వచ్చిన ప్రతి రూపాయీ, కాదని నిరూపించేదాకా నీ రాబడే. మూడున్నర లక్షలు పన్నెండు నెలలంటే 42 లక్షలు. జీతం 14,500. ఏడాది తర్వాత నోటీసు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది నువ్వు, మిల్లు కాదు. పైగా కొట్టినవాళ్ల డబ్బు మీద ఎక్కడైనా సైబర్ ఫిర్యాదు ఉంటే బ్యాంకు ఆపేది నీ ఖాతానే. ఆ నెల నీ జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది.

మిల్లుకి కరెంట్ ఖాతా ఎలాగూ ఉంటుంది. దానికి మర్చంట్ క్యూఆర్ పెట్టించు. సంస్థ పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, భాగస్వామి ఆధార్ ఉంటే చాలు. కాటా గదిలో అంటించి, మోగే డబ్బా పక్కన పెడితే ఓనర్ గారికీ ఊరట, ఎంత పడిందో ఆయనే వింటారు. “నా ఖాతాకి లిమిట్ వచ్చిందండి, ఇక పడట్లేదు” అనేసి తప్పుకోవడం కంటే, “ఇది మీ అమ్మకమండి, మీ ఖాతాలోనే పడాలి” అని నేరుగా అనడం మేలు. సాకు చెప్తే ఇంకో ఉద్యోగి ఫోన్ ముందుకొస్తుంది, అంతే.

ఇక పాత 14 నెలల లెక్క. నీ బ్యాంకు స్టేట్‌మెంట్ మొదటి తేదీ నుంచి దింపుకో. టాలీలో నీ పేరుతో ఒక ఖాతా తెరువు. తవుడు డబ్బు నీకు వచ్చిన రోజున నీ ఖాతాకి డెబిట్, కొన్నవాళ్ల ఖాతాకి క్రెడిట్. ముఠా మేస్త్రీకి ఇచ్చిన రోజున హమాలీ డెబిట్, నీకు క్రెడిట్. ఓనర్ గారికి నగదు ఇచ్చిన రోజున క్యాష్ డెబిట్, నీకు క్రెడిట్. చివర్లో నీ ఖాతా నిలవ సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక చీటీ పోయినట్టు, వెతుకు. ఆ లెడ్జర్ ప్రింటు తీసి ప్రతి పేజీ మీద భాగస్వామి సంతకం, తేదీ పెట్టించి ఒక కాపీ ఇంట్లో దాచుకో.

ఇక్కడే అసలు చిక్కు బయటపడుతుంది. ఆ అమ్మకాలకి బిల్లులు ఉన్నాయా? తవుడు మీద 5 శాతం జీఎస్టీ ఉంది, ఊక మీద లేదు. బిల్లు లేని తవుడు అమ్మకం ఉంటే అది ఇప్పుడైనా చూపించి 18 శాతం వడ్డీతో పన్ను కట్టాలి. ఓనర్ గారు ఒప్పుకోకపోతే అది ఆయన నిర్ణయం. నువ్వు చెప్పినట్టు ఒక వాట్సాప్ సందేశమైనా ఉండాలి. తప్పుడు రిటర్నుకి సాయపడ్డవాళ్ల మీదా కేసు పెట్టే వీలు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది.

పోర్టల్ సంగతి: లాగిన్ అయ్యాక రిజిస్ట్రేషన్ సవరణల్లో నాన్-కోర్ ఫీల్డ్స్ కింద అధీకృత సంతకందారు మొబైల్, మెయిల్ మార్చుకోవచ్చు. భాగస్వామి నంబరు పెట్టించు. మిల్లు పేరుతో కొత్త మెయిల్ ఒకటి తెరిచి దాని నుంచి నీకు ఫార్వర్డ్ పెట్టుకుంటే రోజువారీ పని ఆగదు. ఈ-వే బిల్లు పోర్టల్, ఆదాయపు పన్ను, టీడీఎస్ (చెల్లింపులో ముందే కోసే పన్ను) పోర్టల్ ట్రేసెస్ కూడా చూడు, వాటిలోనూ నీ నంబరే ఉండి ఉంటుంది. ఉద్యోగం మానేశాక రెండేళ్లకి షోకాజ్ నోటీసు నీ మెయిల్‌కి వచ్చి, “నువ్వే దాచావు” అన్న మాట పడటం ఈ వృత్తిలో మామూలు ప్రమాదం.

తణుకు_బీకాం:

చాలా థాంక్స్ అండి. నేను అమ్మాయినండి, తమ్ముడిని కాదు 🙂. తవుడు అమ్మకాల్లో సగానికే బిల్లులు ఉన్నాయి.

ఆవర్జా:

క్షమించమ్మా. బిల్లు లేని సగం జాబితా తేదీ, బస్తాలు, క్వింటాళ్లు, వాహనం నంబరుతో రాసి పెట్టు. కాటా రశీదులు పారేయొద్దు. నీ పక్షాన మాట్లాడేవి అవే.

రూల్43:

సార్టెక్స్ గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ భయం ఎక్కువ, తప్పు తక్కువ.

25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 2022 జులై 18 నుంచి 5 శాతం. అంతకు మించిన బస్తాకి పన్ను లేదు. మన వైపు 26 కిలోల బస్తా పుట్టిందే అందుకు. కాబట్టి మీ మిల్లులో పన్ను ఉన్న అమ్మకాలూ ఉన్నాయి (తవుడు, చిన్న ప్యాకెట్లు, సివిల్ సప్లైస్ ఆడింపు కూలి), పన్ను లేనివీ ఉన్నాయి (26 కిలోల బియ్యం, ఊక). రెండింటికీ వాడే మిషన్ క్రెడిట్‌ని ఐదేళ్లకి, అంటే 60 నెలలకి పంచాలి.

4,32,000ని 60తో భాగిస్తే నెలకి 7,200. ఆ నెల మొత్తం టర్నోవర్‌లో పన్ను లేనిది 85 శాతం అనుకోండి. 7,200లో 6,120 వదులుకోవాలి, 1,080 మీకు దక్కుతుంది. 14 నెలలకి 85,680. మొత్తం 4,32,000 వెనక్కి కట్టే పని లేదు. ఆడిటర్ గారు “వెనక్కి కట్టాలి” అన్నది ఓనర్ గారి చెవిలో “అంతా కట్టాలి” అని పడి ఉంటుంది. ఒక ఎక్సెల్‌లో నెలవారీ టర్నోవర్, పన్ను లేని భాగం, వదులుకోవాల్సిన మొత్తం అని మూడు గడులు పెట్టి ఆడిటర్ గారి ముందు పెట్టండి. నెలనెలా నిష్పత్తి మారుతుంది. దాళ్వా (రబీ) కోతలప్పుడు ఒకలా, సార్వా (ఖరీఫ్) అయ్యాక ఒకలా ఉంటుంది. 85 అన్నది ఉదాహరణకే.

వడ్డీ 18 శాతం. కానీ తప్పుగా తీసుకుని వాడుకున్న మేరకే. ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ దింపి, నిలవ ఎప్పుడైనా ఆ తప్పు మొత్తం కంటే కిందికి దిగిందేమో చూడండి. దిగకపోతే వడ్డీ లేదని వాదించే ఆధారం జీఎస్టీ 88బి రూల్‌లో ఉంది. ఈ ఏడాది నెలలవి జీఎస్టీఆర్-3బి రిటర్నులో 4(బి)(1) గడిలో చూపించి వదులుకోండి. గడిచిన ఏడాదివి ఆడిటర్ గారితో మాట్లాడి డీఆర్‌సీ-03 (మనంతట మనమే కట్టే ఫారం)లో కట్టేయొచ్చు.

ఒక్క మిషన్ దగ్గర ఆగకండి. బస్తాల క్రెడిట్ చూడండి. 26 కిలోల బియ్యానికే వాడిన ప్లాస్టిక్ సంచుల మీద క్రెడిట్ అసలు రాదు. 10 కిలోల సంచుల మీద పూర్తిగా వస్తుంది. రెండూ ఒకే బిల్లులో వస్తే సంచుల లెక్కన విడదీయాలి. బెల్టులు, బేరింగులు, ఆడిటర్ ఫీజు లాంటివి నెలనెలా నిష్పత్తిలో వదిలి, ఏడాది చివర మళ్లీ లెక్క కట్టాలి. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో 8వ టేబుల్‌లో పన్ను లేని అమ్మకాలు వేయడం మర్చిపోయినా నిష్పత్తి తారుమారవుతుంది. ఎక్కువ మిల్లుల్లో తప్పు మొదలయ్యేది అక్కడే. పన్ను లేని సరుకుకి ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై, ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు.

జీతం కోత: పన్ను బాధ్యత మిల్లుది. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. ఉద్యోగి చేతికి అప్పగించిన డబ్బో సరుకో ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పోతే కోయవచ్చు, అది కూడా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. రిటర్నులో క్రెడిట్ తప్పు ఆ కిందికి రాదు. ఏ కోతలైనా కలిపి జీతంలో సగం దాటకూడదు. నియామక పత్రం ఇవ్వడం కూడా ఇప్పుడు తప్పనిసరి.

కొవ్వూరు_లెక్కలు:

రూల్43 గారి లెక్క బాగుంది కానీ నాదొక మాట. 26 మంది ఉన్న చోట పీఎఫ్ ఇవ్వాల్సిందే, 20 మంది ఉంటే చాలు. జీతం 15,000 లోపు కాబట్టి మీరు తప్పించుకోలేరు, వాళ్లూ తప్పించుకోలేరు. 14,500 మీద 12 శాతం 1,740 మీ వాటా, అంతే వాళ్లు. ఈఎస్ఐ 10 మంది ఉంటే చాలు, 21,000 జీతం వరకు. మీ వాటా 0.75 శాతం, అంటే 109 రూపాయలు. సగం చేతికివ్వడం వెనక ఉన్న లెక్క ఇదే. కొత్త ఉద్యోగానికి వెళ్లినప్పుడు పేస్లిప్ అడిగితే 7,250 కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాని మీదే పెంచుతారు. అందుకని పీఎఫ్ కోసం తగువు పడే ముందు మొత్తం జీతం బ్యాంకులో వేయించుకోండి. అది అడగడం తేలిక, ఉపయోగం ఎక్కువ.

ఓనర్ ఈ మూడూ (క్యూఆర్, పోర్టల్ నంబరు, బ్యాంకులో జీతం) రెండు నెలల్లో చేయకపోతే మానేయండి. మానేసేటప్పుడు పోర్టల్ పాస్‌వర్డులు, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం), చెక్కుబుక్కులు, టాలీ బ్యాకప్ ఇచ్చినట్టు రెండు కాపీల జాబితా, తేదీ, సంతకం తప్పనిసరి. రాజీనామా అయ్యాక మిగిలిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని అదే కోడ్ చెప్తోంది.

భీమవరం_మేడ:

చెల్లెమ్మా, చదువు సంగతి. 58 శాతం కాబట్టి ఫౌండేషన్ లేకుండా సీఏ ఇంటర్‌కి నేరుగా నమోదు కావచ్చు, కామర్స్ వాళ్లకి 55 చాలు. కానీ రెండు గ్రూపులూ పాసయ్యాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర శిక్షణ). ఆ రెండేళ్లూ జీతం ఉండదు, స్టయిపెండే. ఇంటి ఖర్చు నీ మీద ఉంటే అది లెక్క వేసుకో. సీఎంఏ ఇంటర్ రెండు గ్రూపులు, ఎనిమిది పేపర్లు, పరీక్షలు జూన్, డిసెంబర్‌లో. ఉద్యోగం చేస్తూ రాయొచ్చు. రెండింటిలోనూ ఒక్కో పేపర్‌కి 40, మొత్తం మీద 50 శాతం రావాలి. జూన్ పరీక్షకి ముందు దాళ్వా ధాన్యం సీజన్ నెత్తిన ఉంటుంది. మిల్లులో ఉండి రాస్తే డిసెంబర్ కూడా సులువేం కాదు, అప్పుడు సార్వా కోతలు. ఒక్కో గ్రూపే రాయి.

మిల్లులోనూ, మేత కంపెనీలోనూ, రొయ్యల ప్రాసెసింగ్‌లోనూ పని చేయాలనుకుంటే నా ఓటు సీఎంఏకి. బస్తా ఖర్చు ఎంత, కిలో రొయ్యకి ఐసు, కూలి, కరెంటు ఎంత అన్నదే అక్కడ అడిగేది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం చాలాసార్లు ఒకే ముక్క, ఉదాహరణకి సరఫరాదారుల బిల్లులు ఎక్కించడం. ఇక్కడ నువ్వు కొనుగోలు నుంచి బ్యాలెన్స్ షీట్ దాకా చూస్తున్నావు. ఆ విలువ ఇంటర్వ్యూలో చూపించుకోవాలంటే చేతిలో ఇవి ఉండాలి: పేర్లు తీసేసిన బ్యాంకు రీకన్సిలియేషన్ ఒకటి, జీఎస్టీఆర్-2బి (మనకి అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టీ)తో కొనుగోలు రిజిస్టర్ సరిచూసిన ఫైలు ఒకటి, బాకీల వయసు పట్టీ (ఏ బాకీ ఎన్నాళ్లదో) ఒకటి. మిల్లు డేటా యథాతథంగా తీసుకెళ్లొద్దు, అడిగినవాళ్లే నిన్ను నమ్మరు.

ఇంకొకటి నేర్చుకుని తీరాలి, సివిల్ సప్లైస్ ధాన్యం. అది మిల్లు కొన్నది కాదు, కార్పొరేషన్ సరుకు. దాన్ని కొనుగోలుగా ఎక్కిస్తే టర్నోవర్ లేని చోట ఉబ్బుతుంది. పరిమాణం రిజిస్టర్ మాత్రమే నడపాలి: 100 క్వింటాళ్ల ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 తిరిగివ్వాలి. 4,000 క్వింటాళ్లు వచ్చాయంటే 2,680 పచ్చి బియ్యం బాకీ. గోనె సంచులకి వేరే ఖాతా. సొంత ధాన్యం రిజిస్టర్‌తో కలిపావా, సంవత్సరాంతంలో ఏ బస్తా ఎవరిదో ఆ మిల్లు పరంజా మీద నిలబడి అరిచినా తేలదు.

రైతు దగ్గర కొన్న సొంత ధాన్యానికి బిల్లు మనమే రాస్తాం కదా, దాని మీద రైతు పేరు, ఊరు, పాస్‌బుక్ నంబరు, బస్తాలు, కాటా బరువు, తేమకి తీసిన తరుగు, ధర, హమాలీ, చెల్లింపు వివరం ఉండాలి. రోజుకి ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు, కానీ పండించిన రైతుకి నేరుగా ఇచ్చినదానికి మినహాయింపు ఉంది. బ్రోకరు దగ్గర కొని రైతు పేరున రాస్తే ఆ మినహాయింపు నిలవదు. పండించినవాడికైనా 2 లక్షలు, ఆపైన నగదు వద్దు, అది తీసుకున్న రైతుకే జరిమానా. బ్రోకరు కమిషన్ ఏడాదికి 20,000 దాటితే 2 శాతం టీడీఎస్. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం లెక్క, అందుకే సెక్షన్ నంబర్లు చెప్పకుండా పరిమితులే రాశాను.

తణుకు_బీకాం:

ఈ రోజు క్యూఆర్ గురించి అడిగానండి. “సోమవారం బ్యాంకుకి వెళ్దాం” అన్నారు. సార్టెక్స్ ఎక్సెల్ వేస్తుంటే ఆగస్టులో పన్ను లేని భాగం 62 శాతం వచ్చింది, మిగతా నెలల్లో 85 పైనే. ఎందుకు?

రూల్43:

ఆ నెల 8వ టేబుల్ తెరవండి. 26 కిలోల బిల్లులు కొన్ని ఎక్కలేదేమో, లేకపోతే ఆడింపు కూలి బిల్లు ఒకేసారి ఆ నెలలో వేశారేమో. రెండోదే అయితే 62 సరైనదే, దాన్ని ముట్టుకోకండి.