అప్‌డేట్: లండన్‌లో ట్యూడర్ రాజవంశపు స్థలాలు చూసి వచ్చాను

ట్యూడర్ రాజుల చరిత్ర కోసం లండన్‌లో రెండు రోజుల్లో ఏవి చూడాలని అడిగినప్పుడు, హాంప్టన్ కోర్ట్‌ను వదలవద్దని చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు. ఉన్నత మతాధికారి కార్డినల్ వూల్సీ కట్టించుకోగా ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ వశమైన ఆ ప్రాసాదంలో, 1536 మే 19న లండన్ టవర్‌లో శిరచ్ఛేదానికి గురైన హెన్రీ భార్య, రాణి ఆన్ బొలీన్ గుర్తులను తర్వాత తొలగించినా, గ్రేట్ హాల్ చెక్కపనిలో ఆ దంపతుల పేర్ల తొలి అక్షరాలు పెనవేసుకుని ఇంకా మిగిలే ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

అయితే నన్ను అన్నిటికన్నా కదిలించింది వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చి. 1554లో చెల్లెలు ఎలిజబెత్‌ను అనుమానించి టవర్‌లో బంధించిన హెన్రీ కూతురు, రాణి మొదటి మేరీ, ఆ చెల్లెలితోనే అక్కడ ఒకే సమాధిలో ఉంది. పైన పాలరాతి విగ్రహం మాత్రం ఎలిజబెత్‌ది ఒక్కటే. ఎంత కఠినురాలైనా, ఇంగ్లండును ఏలిన మేరీకి అక్కడ ప్రతిమ లేకపోవడం నాకు అన్యాయంగానే తోచింది.