హెవీవెయిట్ బాక్సర్ గుద్దు గట్టిదా, ఎంఎంఏ యోధుడి గుద్దు గట్టిదా?

ప్రశ్న:
ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే మిశ్రమ పోరాట క్రీడ) యోధుడు ఫ్రాన్సిస్ ఎంగాను, ఆ పోటీలు నిర్వహించే యూఎఫ్‌సీ సంస్థ శిక్షణ కేంద్రంలో ఒక యంత్రాన్ని గుద్దితే 1,29,161 యూనిట్లు నమోదయ్యాయనీ, అది చిన్న కారు వచ్చి ఢీకొన్నంత దెబ్బ అనీ చాలా చోట్ల చదివాను. ఆయనే 2023 అక్టోబరు 28న రియాద్‌లో జరిగిన బాక్సింగ్ పోటీలో హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీని మూడో రౌండులో ఎడమ హుక్‌తో (చేయి వంచి పక్క నుంచి కొట్టే గుద్దుతో) కింద పడేశారు. అయితే అయిదు నెలలు తిరగకముందే, 2024 మార్చి 8న, అదే నగరంలో మరో హెవీవెయిట్ బాక్సర్ ఆంథొనీ జాషువా చేతిలో రెండో రౌండులోనే నాకౌట్ అయ్యారు. కుస్తీ పట్లు, తన్నులు పక్కన పెట్టి గుద్దు బలాన్ని మాత్రమే చూస్తే పైచేయి ఎవరిది? తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం:
ముందుగా ఆ 1,29,161ని మరచిపోండి. అది న్యూటన్లలో కొలిచిన బలం కాదు, ఆ యంత్రం సొంత కొలమానం. అదే యంత్రాన్ని గుద్దిన మరొకరితో పోల్చడానికి పనికొస్తుందే తప్ప ప్రయోగశాల లెక్కల పక్కన నిలబడదు.

న్యూటన్లలో కావాలంటే, 1985లో హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిచినప్పుడు ఆయన పిడికిలి దాదాపు అర మీటరు దూరాన్ని సెకనులో పదో వంతు కాలంలో దాటి, సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తగిలి, గరిష్ఠంగా 4,096 న్యూటన్ల బలాన్ని చూపింది. 2005లో వెలువడిన మరో అధ్యయనంలో ఒలింపిక్ బాక్సర్ల సగటు 3,427 న్యూటన్లు. అందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన విషయం వేరే ఉంది: బరువైన తరగతుల వారి గుద్దు గట్టిగా ఉండటానికి ప్రధాన కారణం చేతి వేగం కాదు, తగిలే క్షణంలో ఆ చేతి వెనుక నిలిచే ద్రవ్యరాశి.

బాక్సర్‌కు అనుకూలించేది ఇక్కడే. కాళ్లు పట్టి పడేస్తారన్న భయం గానీ, పిక్క మీద తన్ను పడుతుందన్న జాగ్రత్త గానీ లేవు కాబట్టి, వెనుక మడమ లేపి, నడుము తిప్పి, ఒంటి బరువంతా ముందు కాలి మీదికి తెచ్చి కొట్టగలడు. ఎంఎంఏలో అలా కొడితే, గురి తప్పిన మరుక్షణం వెల్లకిలా పడి ఉంటాడు. కాబట్టి నా ఓటు బాక్సర్లకే.

రెండో సమాధానం:
పై మిత్రులు గ్లవ్స్ సంగతి వదిలేశారు. హెవీవెయిట్ బాక్సింగ్‌లో వాడేవి 10 ఔన్సులవి, ఎంఎంఏలో సాధారణంగా 4 ఔన్సులవి. నేను ఒకే బస్తాను సాధనకు వాడే 16 ఔన్సుల గ్లవ్స్‌తోనూ, ఎంఎంఏ గ్లవ్స్‌తోనూ కొట్టి చూశాను. పెద్ద వాటితో కొడితే బస్తా మొత్తం వెనక్కి ఊగింది. చిన్న వాటితో ఊగడంలో పెద్ద తేడా లేదు గానీ, తోలు లోపలికి సొట్టపడింది, నా పిడికిలి కణుపులు సాయంత్రం దాకా సలిపాయి. మెత్త తక్కువైనప్పుడు అదే ఊపు తక్కువ సమయంలో, తక్కువ చోట దిగబడుతుంది. పైగా చిన్న పిడికిలి రెండు చేతుల అడ్డు మధ్య సందులోంచి దూరిపోతుంది. ఎంఎంఏ నాకౌట్లు చూసి వాళ్లదే బలం అనుకోవడంలో సగం ఘనత గ్లవ్స్‌ది.

మూడో సమాధానం:
గ్లవ్స్ తేడా లేకుండా చూడాలంటే 2009 జూన్‌లో జరిగిన రే మెర్సర్, టిమ్ సిల్వియా పోటీని చూడండి. మెర్సర్ 1988 సియోల్ ఒలింపిక్స్ బంగారు పతక విజేత, అప్పటికి వయసు 48. సిల్వియా యూఎఫ్‌సీ మాజీ హెవీవెయిట్ ఛాంపియన్. ఎంఎంఏ నిబంధనలతోనే జరిగిన ఆ పోటీ కుడి చేతి దెబ్బ ఒక్కదానితో తొమ్మిది సెకన్లలో ముగిసింది. ఒక్క పోటీతో తీర్పు చెప్పలేమన్నది నిజమే, కానీ ఎంగాను ఫ్యూరీని పడగొట్టినదీ ఒక్కసారే కదా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. వెనుక నిలిచే ద్రవ్యరాశే ముఖ్యమైతే, 2018 డిసెంబరులో సుమారు 96 కిలోలే ఉన్న బాక్సర్ డియోంటే వైల్డర్ తనకన్నా దాదాపు 20 కిలోలు ఎక్కువున్న ఫ్యూరీని పన్నెండో రౌండులో ఎలా పడగొట్టగలిగారు?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మంచి ప్రశ్న అండీ. ద్రవ్యరాశి అని నేనన్నది తూకం యంత్రం చూపే బరువు కాదు. ఆ 2005 అధ్యయనంలో గుద్దు వెనుక లెక్కకు వచ్చిన ద్రవ్యరాశి సగటున 2.9 కిలోలే. తగిలే క్షణంలో మణికట్టు మడత పడితే ఆ కాస్తా తగ్గిపోతుంది; మణికట్టు, మోచేయి, భుజం ఒక్క కడ్డీలా బిగుసుకుంటే పెరుగుతుంది. ఆ బిగింపు ముందే వస్తే చేతి వేగం చస్తుంది, ఆలస్యమైతే దెబ్బ తోపులా మారుతుంది. వైల్డర్ కుడి చేయి చివరి వరకూ వదులుగా సాగి, తగిలేటప్పుడు మాత్రమే బిగుసుకోవడాన్ని ఆ పోటీ దృశ్యాన్ని నెమ్మదిగా నడిపి చూస్తే మీరే గమనించవచ్చు.