కాలేజీ దరఖాస్తులో తల్లిదండ్రుల చెయ్యి ఎంతవరకు ఉండవచ్చు?

ప్లేనో అమ్మ

మా అమ్మాయి డాలస్ శివారులో ఒక ప్రభుత్వ పాఠశాలలో 12వ తరగతి చదువుతున్నది. తరగతిలో సుమారు 900 మంది ఉన్నారు, అందులో ఆమె ర్యాంకు 51. టెక్సస్‌లో ఈ వయసు పిల్లలున్నవారికి ఈ అంకె చూస్తేనే మా అవస్థ అర్థమవుతుంది. ఇతర రాష్ట్రాలవారి కోసం రెండు మాటలు చెబుతాను. 1997లో వచ్చిన చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో నేరుగా ప్రవేశం లభిస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి మాత్రం ఆ గీతను ఇంకా పైకి జరుపుకొనే వెసులుబాటు ఉన్నది. నిరుటి పిల్లలకు అక్కడ గీత 6 శాతం దగ్గర ఉండేది, 2026లో చేరబోయేవారికి 5 శాతం చేశారు. నిరుడైతే 54 లోపు ఉన్నందుకు మా అమ్మాయికి ప్రవేశం ఖాయమయ్యేది. ఇప్పుడు 45 లోపు ఉండాలి కాబట్టి ఆరు స్థానాల తేడాతో ఆమె కూడా అందరి వరుసలో నిలబడింది, భారమంతా వ్యాసం మీద పడింది.

ఒకే దరఖాస్తును అనేక కాలేజీలకు పంపుకొనే కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసానికి 650 పదాల హద్దు ఉన్నది. మా అమ్మాయి ఆగస్టులోనే ఒక చిత్తుప్రతి రాసుకున్నది. తెనాలిలో ఉన్న మా అమ్మతో ఆదివారాలు వీడియో కాల్‌లో అష్టాచెమ్మా ఆడుతుంది. గవ్వలూ పటమూ అక్కడే ఉంటాయి గనుక ఇద్దరి పందేలూ మా అమ్మే వేస్తుంది, ఇద్దరి కాయలూ ఆమే జరుపుతుంది. ఒకనాడు ఫోను పక్కకు ఒరిగినప్పుడు అమ్మాయికి గవ్వలు కనిపించాయి. మూడు బోర్లా ఉన్నాయి, ఒకటి వెల్లకిలా ఉన్నది. అమ్మమ్మ మాత్రం "అష్ట!" అని కేకవేసి మనవరాలి కాయను ఎనిమిది గళ్ళు నడిపించింది. ఇన్నేళ్ళుగా తనను గెలిపించడానికి అమ్మమ్మ తొండి ఆడుతున్నదని తెలిశాక, ఆ సంగతి అడగాలా వద్దా అన్నదే ఆ వ్యాసం.

మావారు దానిని "బాగుచేశారు". గూగుల్ డాక్స్‌లో పాత ప్రతుల చరిత్ర తెరిస్తే ఆయన చేర్చినదంతా ఆకుపచ్చ రంగులో కనిపిస్తున్నది. గవ్వలు పోయాయి, రోబోటిక్స్ వచ్చింది. తరాల మధ్య వారధిగా నిలిచిన నాయకత్వ లక్షణం అనే అర్థం వచ్చే వాక్యమొకటి మొదట్లోనే దిగింది. అమ్మాయి ఏమీ అనలేదు. లాప్‌టాప్ మూసి, మిగిలిన వ్యాసాలు కూడా నాన్ననే రాయమన్నది. ఆమె అన్నది కోపంతో కాదేమో, నిజంగానే చేతులెత్తేసిందేమో అన్న భయంతో ఈ ప్రశ్న అడుగుతున్నాను. మన చెయ్యి ఎక్కడ ఆగాలి?

గుంటూరు నుంచి ఇర్వింగ్

ప్లేనో అమ్మ గారూ, మీవారి పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

నేను ఎంసెట్ రాసిన ఏడాది కౌన్సెలింగ్‌కు నాన్న నా వెంట వచ్చారు. కాలేజీ ఏదో, బ్రాంచీ ఏదో ఆయనే చెప్పారు, నేను తల ఊపాను. అక్కడ కనీసం ర్యాంకు అనే ఒక అంకె ఉండేది, దాని ముందు అందరూ ఒకటే. ఇక్కడి లెక్క ఎవరికీ అంతుపట్టదు, అదీ ఏటా మారుతుంది. కోవిడ్ కాలంలో శాట్ ప్రవేశ పరీక్ష అక్కర లేదన్నారు. 2022లో ఎంఐటీ మళ్ళీ తప్పనిసరి చేసింది, 2024లో డార్ట్‌మత్, హార్వర్డ్, మన ఆస్టిన్ కూడా అదే బాట పట్టాయి. ఇటువంటి అయోమయంలోకి 17 ఏళ్ళ పిల్లను ఒంటరిగా పంపి, దానికి స్వావలంబన అని పేరు పెట్టడం నాకు బాధ్యత తప్పించుకోవడంలాగా కనిపిస్తున్నది.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకుంటాను. మా పెద్దవాడికి ఒక ప్రైవేటు కన్సల్టెంటును పెట్టి 4,500 డాలర్లు చెల్లించాను. ఆమె ప్రతి వ్యాసాన్నీ ఐదారుసార్లు తిరగరాయించింది. అది "మార్గదర్శనం" అయింది. డబ్బు పోసి కొన్న చెయ్యి తప్పు కానప్పుడు, రాత్రి పదకొండింటిదాకా మేలుకొని ఉచితంగా పనిచేసిన కన్నతండ్రి చెయ్యి ఎట్లా తప్పవుతుంది? మా వీధిలో కన్సల్టెంటును పెట్టుకోని ఇల్లు నాకు కనబడలేదు. నలుగురూ పరిగెత్తే చోట మన బిడ్డనొక్కదాన్నీ నడిపించడం న్యాయమా?

బడిగంట

నేను ఒక ఉన్నత పాఠశాలలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. రోజూ చూసే సంగతులు గనుక కొంచెం విడమరిచి రాస్తాను.

ముందు గుంటూరు గారి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. ఒక కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులకు మించి ఉండకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం సూచిస్తుంది. నా కింద 430 మంది ఉన్నారు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు ఒక్కొక్కరితో అరగంట కూర్చోవడమే గగనం, అందువల్ల ఇంట్లో పెద్దల సహాయం లేకుండా ఈ పని నడవదు. అయితే ఆ సహాయం ఏ పనికి అన్నదే ప్రశ్న.

మన తల్లిదండ్రులలో చాలామంది పట్టించుకోని కాగితం ఒకటి ఉన్నది. దానిని మేము పేరెంట్ బ్రాగ్ షీట్ అంటాము. మీ బిడ్డ గురించి మాకు తెలియనివి చెప్పమని అడుగుతాము, సిఫారసు లేఖ రాసేటప్పుడు మేము మొదట తెరిచేది దానినే. తెలుగు ఇళ్ళనుంచి అది తరచుగా రెండు ముక్కలతో తిరిగివస్తుంది: కష్టపడి చదువుతాడు, లెక్కలలో దిట్ట. వ్యాసంలో దూరి రాయాలని తహతహలాడే తండ్రికి అధికారికంగా రాయమని ఇచ్చిన చోట మాత్రం కలం సాగదు. చిత్రమే. ప్లేనో అమ్మ గారి భర్త ఆ ఆకుపచ్చ వాక్యాలను అక్కడ రాసి ఉంటే నాకు బంగారమయ్యేవి.

వ్యాసం సంగతి వేరు. కామన్ యాప్ చివరిలో ఇదంతా నా సొంత పని అని విద్యార్థి సంతకం చేయాలి. కృత్రిమ మేధ రాసిన దానిని సొంత రచనగా పంపడాన్ని కూడా ఆ సంస్థ మోసంగానే పరిగణిస్తుంది. తండ్రి రాసినది బయటపడుతుందా అంటే, ఒక్కొక్కసారి ఏ పరికరమూ అక్కర లేకుండానే పడుతుంది. ఆ పిల్లవాడి ఆంగ్ల ఉపాధ్యాయిని రాసిన లేఖలో కనిపించే మనిషీ, వ్యాసంలో మాట్లాడే మనిషీ వేరువేరుగా ఉంటారు. పదిహేడేళ్ళవాళ్ళు వాక్యం మధ్యలో దారి తప్పుతారు, మళ్ళీ ఎక్కడో నవ్విస్తారు. నలభై ఐదేళ్ళవారు మొదటి వాక్యంలోనే తీర్మానం చదువుతారు.

కన్సల్టెంట్ల విషయంలో నా అభిప్రాయం నిష్ఠూరంగానే ఉంటుంది. ప్రశ్నలు అడిగి పిల్లల చేత రాయించేవారు ఉన్నారు, వారి మీద నాకు అభ్యంతరం లేదు. తామే రాసి ఇచ్చేవారు కూడా ఉన్నారు. ఆ చెయ్యి డబ్బుతో కొన్నది గనుక మంచిదని నేను ఎన్నడూ అనలేదు, గుంటూరు గారూ.

మరొక మాట. దరఖాస్తుల హడావిడిలో పడి, ముందు పట్టా చేతికి రావాలన్న సంగతి మరచిపోతున్నారు. టెక్సస్‌లో ఉన్నత పాఠశాల పూర్తికావాలంటే తగిన క్రెడిట్లూ, నిర్ణీత రాష్ట్ర పరీక్షలే కాక, ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసినట్టో, చేయదలచుకోలేదనో ఒక పత్రం కూడా ఇవ్వాలి. ప్రవేశం వచ్చాక చదువు అటకెక్కించే పిల్లలు ప్రతి వసంతంలోనూ కనిపిస్తారు. చివరి మార్కులు మరీ పడిపోతే ఇచ్చిన ప్రవేశాన్ని కాలేజీ వెనక్కి తీసుకోగలదు. అప్పుడు పరుగెత్తుకొని నా గదికి వచ్చేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు.

ప్రయారిటీ డేట్ 2014

వ్యాసం ఎవరు రాయాలన్నది నాకు రెండో ప్రశ్న. మా అబ్బాయి నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాడు, ఈనాటికీ ఉద్యోగ వీసాదారుల పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా మీదనే ఉన్నాడు. గ్రీన్ కార్డు వరుస కదలకపోతే 21 ఏళ్ళు నిండిన నాడు ఆ వీసా చెల్లదు, కాలేజీ మధ్యలోనే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. ఫెడరల్ ఆర్థిక సహాయానికి అర్హత లేదు. టెక్సస్‌లో మాత్రం హెచ్-4 పిల్లలు కూడా నివాసాన్ని నిరూపించుకొని రాష్ట్రవాసుల ఫీజుకే చదవవచ్చు.

నిరుడు ఈ ఫారాలన్నీ వాడినే నింపుకోనిచ్చాను, పెద్దవాడయ్యాడు కదా అనుకొని. పౌరసత్వం గడి దగ్గర విదేశీ విద్యార్థి అని గుర్తుపెట్టాడు. వాడి దృష్టిలో అది నిజమే, అబద్ధం రాయలేదు. నివాసం గురించిన ప్రశ్నలకు మా ఇద్దరి ఉద్యోగాలు, ఇల్లు, పన్నుల వివరాలు కావాలి, అవి వాడికి తెలియక ఖాళీగా వదిలాడు. కొన్ని వారాల తరువాత ఒక విశ్వవిద్యాలయం నుంచి బ్యాంకు నిల్వల పత్రం అడుగుతూ ఉత్తరం వచ్చింది, ఫీజు అంచనా చూస్తే దాదాపు మూడింతలు. దానిని సరిచేయించడానికి డిసెంబరంతా పట్టింది. పిల్లలను వాళ్ళ మానాన వదిలేయండని చెప్పేవారికి పౌరసత్వ పత్రాలు ఉండి ఉంటాయి. ఆ గళ్ళు నేనే నింపుతాను, ఎవరేమనుకున్నా.

బడిగంట

ప్రయారిటీ డేట్ గారూ, ఆ గళ్ళు మీరే నింపాలి, అందులో తర్జనభర్జన లేదు. పౌరులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫెడరల్ ఆర్థిక సహాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తులో తల్లిదండ్రులు తమ సొంత ఖాతా తెరిచి, పన్నుల వివరాలకు తామే సమ్మతి ఇవ్వాలి. ఆ పని బిడ్డ చేయకూడదు. పక్కన కూర్చోబెట్టుకొని చేయండి, ఏ గడి ఎందుకో వాడికీ తెలుస్తుంది.

రెండో తరం

నేను ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మనబడిలో తెలుగు నేర్చుకున్నాను. ఈ జవాబు నేనే రాశాను, తప్పులు మా అమ్మ దిద్దింది. రెండు వాక్యాలు ఆమెవే అయి ఉంటాయి, అవి కొంచెం అందంగా ఉంటాయి కనుక మీరే గుర్తుపడతారు.

నా వ్యాసాలు నాన్న రాశారు. ప్రవేశం వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. మొదటి సెమిస్టర్‌లో ఒక పరీక్షలో నాకు 38 మార్కులు వచ్చాయి. ప్రొఫెసర్‌ను కలవాలంటే ముందు ఒక ఇమెయిల్ రాయాలి. మూడు వాక్యాల ఇమెయిల్ అది. నేను నాన్నకు ఫోన్ చేసి ఏమి రాయాలని అడిగాను. ఆయన మీటింగ్‌లో ఉన్నారు. సాయంత్రం దాకా ఆగాను. ఆ సాయంత్రానికి ప్రొఫెసర్ గది తలుపు మూసేశారు.

కాలేజీలో చేరాక మన మార్కులు మామూలుగా తల్లిదండ్రులకు చూపించరు, చట్టం ప్రకారం ఆ హక్కు విద్యార్థిదే. ఆ 38 సంగతి మా ఇంట్లో రెండు నెలల దాకా తెలియలేదు. నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన రాసిన వ్యాసం చాలా బాగుంటుంది. అందులో ఉన్న అబ్బాయిని నేను ఇప్పటికీ ఒకసారి కలుసుకోవాలనుకుంటాను.

గుంటూరు నుంచి ఇర్వింగ్

ఈ అబ్బాయి మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా చిన్నది పదో తరగతిలో ఉన్నది. దాని వ్యాసాల జోలికి పోనని ఈ పూటకు అనుకుంటున్నాను, రెండేళ్ళ తరువాత ఏమంటానో చూడాలి.

కాలేజీల జాబితా విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. ఆస్టిన్‌లో నేరుగా ప్రవేశం వచ్చినా అది విశ్వవిద్యాలయానికే గాని కంప్యూటర్ సైన్స్ సీటుకు కాదన్నది పిల్లలకు చాలా ఆలస్యంగా తెలుస్తున్నది. ఎర్లీ డెసిషన్ అయితే మరీ చిక్కు. ప్రవేశం వస్తే, ఆ కాలేజీ ఇచ్చే సహాయం చాలకపోతే తప్ప, చేరి తీరాలి, ఇతర కాలేజీలు ఇచ్చే సహాయంతో పోల్చి చూసుకొనే వీలుండదు. ఆ ఒప్పందం మీద విద్యార్థితో పాటు తల్లిదండ్రుల సంతకం, కౌన్సెలర్ సంతకం కూడా అడుగుతారు. సంతకం నాదైనప్పుడు మాట కూడా నాదే ఉండాలి. దాదాపు ప్రతి కాలేజీ సైటులోనూ, సహాయం పోగా మన మీద పడే ఖర్చును అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. అంకెలు వేసి పిల్ల ముందు పెట్టి, ఇంతవరకు మోయగలము, ఆపైన అప్పు అని చెప్పడం పెత్తనమని ఎవరైనా అంటే ఆ పెత్తనం నేను చేస్తాను.

ప్లేనో అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఆస్టిన్ ఎర్లీ యాక్షన్ (ముందస్తు దరఖాస్తు) గడువు అక్టోబరు 15 కాబట్టి ఎక్కువ రోజులు తటపటాయించే వీలు లేకపోయింది.

రెండో తరం బాబు రాసిన జవాబును మావారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరుకొని, ఆ 38 సంగతి ఆ తండ్రికి చివరికి ఎట్లా తెలిసిందని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ రాత్రే ఆగస్టు నాటి ప్రతిని తిరిగి తెచ్చి అమ్మాయికి ఇచ్చేశారు. ఆమె దానిని మళ్ళీ మొదటినుంచి రాసుకున్నది, మాకు చూపించలేదు, పంపేసింది. బ్రాగ్ షీట్ మాత్రం ఆయన పట్టుబట్టి రాశారు. పాఠశాల ఇచ్చిన ఫారంలో ఆరు పంక్తుల చోటు ఉన్నది, ఈయన నాలుగు పేజీలు జతచేశారు. బడిగంట గారివంటి వారెవరో అదంతా చదవాలి గదా అని నాకు జాలి వేసింది.

నిన్న ఆదివారం ఆట అయిపోయాక అమ్మాయి ఆ వ్యాసాన్ని తెలుగులోకి మార్చుకుంటూ, తడబడుతూ అమ్మమ్మకు చెప్పింది. మా అమ్మ అంతా విని, తొండి అన్న మాటను ఒప్పుకోలేదు. ఆ నాలుగో గవ్వ వెల్లకిలా పడలేదట, అంచు మీద నిలబడిందట.