కొల్లం నుంచి కొట్టపురం దాకా పడవలో వెళ్లినవాళ్లు ఉన్నారా?

హైదరాబాద్ నుంచి నమస్తే అండి. కేరళలో కొల్లం నుంచి కొట్టపురం దాకా 168 కిలోమీటర్లు పడవలోనే వెళ్లాలని మా ఆయనకీ నాకూ ఎన్నాళ్లుగానో కోరిక. డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరిచి, అష్టముడి సరస్సు నుంచి వెంబనాడ్ సరస్సు మీదుగా ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీసిన గీత చూస్తే మనసు ఆగట్లేదు. మా తాతయ్య చిన్నప్పుడు బకింగ్‌హామ్ కాలువలో సర్వి కట్టెల పడవెక్కి మద్రాసు వెళ్లిన కథ వింటూ పెరిగాను, అదీ ఒక కారణమే. అడిగిన హౌస్‌బోటు వాళ్లంతా అలెప్పీ చుట్టూ ఒక రాత్రి తిప్పి దింపేస్తామంటున్నారు. వారం రోజులకు సరంగుతో సహా చిన్న పడవ ఎవరైనా మాట్లాడుకున్నారా? గుర్రపు డెక్క పడవ ఇంజను ఫ్యాన్‌కి చుట్టుకుంటే ఏం చేశారు? ఉప్పునీరు రాకుండా వెంబనాడ్ మీద తన్నీర్‌ముక్కం కట్ట గేట్లు మూసినప్పుడు, పడవలు దాటించే లాకు దగ్గర ఎంతసేపు ఆగాలి? జనవరిలో బయల్దేరదామనుకుంటున్నాం. ఆయనకి ఈత రాదు, నాకు అదే టెన్షన్.