సిమ్యులేటర్‌లో 600 గంటలు ఆడిన, నిజం విమానంలో ఎంత పనికొస్తది?

ఉప్పల్ కుర్రోడు:
అన్నలకు అక్కలకు నమస్తే. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, వచ్చే నెల ఫ్లయింగ్ స్కూల్ల చేరుతున్న. మూడేండ్ల సంది ఇంట్ల మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతున్న, 600 గంటలు దాటింది, అందులో ఎక్కువ ఎయిర్‌బస్ ఏ320, శంషాబాద్‌ల లేపి చెన్నైలనో బెంగళూరులనో దింపుత, చెక్‌లిస్ట్ మొత్తం నోటికొచ్చు. అక్కడ మాత్రం సెస్నా 172 అనే చిన్న ఒక్క ఇంజన్ విమానం మీద మొదలుపెడతమన్నరు. మా నాయిన ప్లాట్ అమ్మి ఫీజు కడుతుండు, ఒక్క గంట గూడ వేస్ట్ కావొద్దని నా తండ్లాట. ఈ 600 గంటలు నాకు నిజంగ ఏమన్న కలిసొస్తయా? ఈ నెల రోజులు సిమ్‌ల ఏం ప్రాక్టీస్ చేస్తే మంచిది? సిమ్ నుంచి నిజం విమానానికి పోయినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి ప్లీజ్.

సెస్నా అన్న:
తమ్ముడూ నేను అచ్చం నీలాగే వెళ్ళాను, మహారాష్ట్రలో ట్రెయినింగ్, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) అయిపోయింది. కలిసొస్తాయి, కానీ నువ్వు అనుకుంటున్న చోట కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా ఓపిగ్గా చదువు.

మొదటి రోజు ఎయిర్ ఎక్స్‌పీరియెన్స్ సార్టీ అని తీసుకెళ్తారు, సార్టీ అంటే ఒకసారి ఎగిరి రావడం. కాక్‌పిట్‌లో కూర్చోగానే నాకు ఏ గడియారం (స్పీడు, ఎత్తు లాంటివి చూపించే మీటర్) ఎక్కడుందో, ఏ స్విచ్ దేనికో అన్నీ తెలుసు, నా బ్యాచ్‌లో మిగతావాళ్ళు వారం రోజులు వెతుక్కున్నారు, అది సిమ్ పుణ్యమే. కానీ టేకాఫ్‌కి థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచేది) మొత్తం తోయగానే విమానం ముక్కు ఎడమకి పోవడం మొదలైంది, నా కాళ్ళు మాత్రం కదల్లేదు. సెస్నాలో ప్రొపెల్లర్ మన సీట్లోంచి చూస్తే కుడివైపుకి తిరుగుతుంది కదా, పవర్ ఎక్కువ స్పీడ్ తక్కువ ఉన్నప్పుడు విమానం ఎడమకి లాగుతుంది, కుడి కాలితో రడ్డర్ (తోక మీద ముక్కుని పక్కకి తిప్పే పలక) పెడల్ తొక్కిపట్టాలి. మూడేళ్ళు ఇంట్లో ఆటో రడ్డర్, అంటే సిమ్ తనే రడ్డర్ తొక్కే సెట్టింగ్, ఆన్ చేసుకుని ఆడాను, నా కాళ్ళకి ఆ పనే తెలీదు. రన్‌వే సెంటర్‌లైన్ మీదకి మళ్ళీ తెచ్చింది పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ సారే. నువ్వు ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ అసిస్ట్‌లన్నీ ఆఫ్ చెయ్, పెడల్స్ లేకపోతే ట్విస్ట్ ఉన్న జాయ్‌స్టిక్ అయినా సంపాదించు.

రెండోది ట్రిమ్, దీని దగ్గర చాలా గంటలు పోగొట్టుకున్నాను. నిజం విమానంలో స్పీడ్ మారిందంటే యోక్ (విమానం స్టీరింగ్) చేతికి బరువవుతుంది, అంటే ముక్కుని ఆ పొజిషన్‌లో ఉంచడానికి నువ్వు లాగిపట్టుకునో నెట్టిపట్టుకునో ఉండాలి, అలా పట్టుకునే థ్రాటిల్ కింద ఉన్న నల్లటి చక్రాన్ని బొటనవేలుతో మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట ఆ బరువు కరిగిపోతుంది, అరచెయ్యి వదిలేసి రెండు వేళ్ళతో పట్టుకున్నా విమానం అలాగే నిలబడుతుంది. ఇంట్లో జాయ్‌స్టిక్‌కి ఉండేది స్ప్రింగ్, అది ఎప్పుడూ మధ్యకే లాగుతుంది, విమానం ఎంత బరువుగా ఉందో నీ చేతికి చెప్పదు. అందుకని మనం ట్రిమ్ బటన్ నొక్కి ముక్కు లేపడం దించడం అలవాటు చేసుకుంటాం. నిజంలో అలా చేస్తే విమానం వెంట పరిగెడుతూనే ఉంటావు, ఆల్టిట్యూడ్ వంద అడుగులు పైకి, వంద కిందికి, అలాగే ఊగుతుంది. ముందు చేత్తో ముక్కు పెట్టాలి, తర్వాత ట్రిమ్‌తో బరువు తీసెయ్యాలి.

ఇంకోటి చూపు. సిమ్ ఆడినవాళ్ళం గడియారాల మీద నుంచి కళ్ళు తియ్యం, ఎందుకంటే మానిటర్‌లో బయట చూసి తెలుసుకునేది తక్కువ. మూడో సార్టీలో సార్ తన డైరీ తీసి నా ముందున్న ప్యానెల్‌కి అడ్డం పెట్టారు. "బయట చూడు, బానెట్‌కీ హొరైజన్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉందో చూడు, అదే నీ స్పీడు" అన్నారు. నేను చెప్పిన స్పీడుకీ డైరీ తీశాక కనిపించిన దానికీ తేడా ఐదు నాట్స్ లోపే ఉంది. ఆ రోజు నుంచే నేను ఎగరడం నేర్చుకోవడం మొదలుపెట్టాను అనిపిస్తుంది నాకు.

ఉప్పల్ కుర్రోడు:
అన్న చాలా థ్యాంక్స్, ఆటో రడ్డర్ నిజంగనే ఆన్ ఉండె, తీసేసిన, మొదటి టేకాఫ్‌లనే గడ్డిలకు పోయింది విమానం. మరి ల్యాండింగ్ సంగతి ఏంది? సిమ్‌ల నా ల్యాండింగ్‌లు మంచిగనే ఉంటయి.

సెస్నా అన్న:
ఎక్కడ దింపుతున్నావ్, శంషాబాద్‌లోనే కదా? ఆ మెయిన్ రన్‌వే 4260 మీటర్లు, బాగా వెడల్పు కూడా. నువ్వు ట్రెయినింగ్ తీసుకునే చోట రన్‌వే చాలావరకు దానికంటే బాగా చిన్నగా, సన్నగా ఉంటుంది. వెడల్పు రన్‌వేకి అలవాటైన కంటికి సన్నటి రన్‌వే చూస్తే మనం చాలా ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉండం, దాంతో అప్రోచ్ కిందకి తెచ్చేస్తాం, రౌండ్ ఔట్ (నేల దగ్గరికి వచ్చాక ముక్కు మెల్లగా లేపడం) కూడా ఆలస్యంగా చేస్తాం. కాబట్టి ఈ నెల చిన్న రన్‌వేలు వెతికి, వెయ్యి అడుగుల ఎత్తులో సర్క్యూట్ (టేకాఫ్ అయి రన్‌వే చుట్టూ తిరిగి మళ్ళీ దిగడం) కొట్టి, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి ముక్కలో, 65 నాట్స్ మీద చెయ్యి కుదిర్చుకో.

కానీ చివరి ఇరవై అడుగులు మాత్రం సిమ్‌లో రావు, దాని గురించి బాధపడకు. అక్కడ చూపు రన్‌వే అవతలి చివరికి పోవాలి, నేల పైకొస్తున్నది మనకి కంటి అంచుల్లోంచి తెలుస్తుంది, ఇరవై నాలుగు అంగుళాల మానిటర్‌కి ఆ అంచులే ఉండవు. అది నిజం విమానంలో సర్క్యూట్ మీద సర్క్యూట్ కొడితేనే వచ్చేది, ఒక రోజు అదే వస్తుంది.

ఇంకా ఎండ గురించి చెప్పాలి. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు లెక్క కట్టి చూడు, అక్కడి గాలి విమానానికి ఐదు వేల అడుగుల మీద గాలిలా పల్చగా ఉంటుంది, రెక్కకీ ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ ముగ్గురికీ కష్టమే. సిమ్‌లో బేగంపేట పెట్టుకుని సెస్నా ఫుల్ ట్యాంక్‌తో ఒకసారి 15 డిగ్రీలు, ఒకసారి 42 డిగ్రీలు సెట్ చేసి టేకాఫ్ చెయ్, ఎంత దూరం పరిగెత్తిందో, నిమిషానికి ఎంత ఎక్కుతోందో కాగితం మీద రాసుకో. ఇలాంటి వాటికి సిమ్ బంగారం. ఆ ఎండలో కాక్‌పిట్‌లో చొక్కా వీపుకి అతుక్కుపోవడం, పొలాల మీంచి వేడిగాలి లేచి విమానాన్ని కిందనుంచి గుద్దడం, కడుపులో తిప్పడం, ఇవి మాత్రం అక్కడే. మొదటి రోజుల్లో వాంతి వచ్చినా సిగ్గుపడకు, సార్‌కి ముందే చెప్పు, ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకు.

తార్నాక అక్క:
ఇద్దరికీ నమస్తే, నేను ఎయిర్‌లైన్‌లో ఏ320 ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని). పైన అన్నీ కరెక్ట్‌గా చెప్పారు, ఒకటి కలుపుతాను, సిమ్ అంటే ఆటవస్తువు అనే మాట నేను ఒప్పుకోను. 1929లోనే ఎడ్విన్ లింక్ అనే ఆయన వాళ్ళ నాన్న ఆర్గన్ల ఫ్యాక్టరీలోని గాలితిత్తులు వాడి మొదటి ట్రెయినర్ చేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది పైలట్లు దాంట్లో నేర్చుకున్నారు. ఇవాళ మేం కొత్త రకం విమానం నేర్చుకునేది పెద్ద సిమ్‌లోనే, ఇంజన్ ఫెయిల్ అవడం, మంటలు రావడం లాంటివి నిజం విమానంలో ఎవరూ చేసి చూపించరు కదా.

ఆ సిమ్ ఆరు కాళ్ళ మీద కదులుతుంది. టేకాఫ్‌లో వేగం పెరుగుతున్నట్టు అనిపించాలంటే క్యాబిన్ మొత్తాన్ని మెల్లగా వెనక్కి వాలుస్తుంది, ఎదురుగా దృశ్యం మాత్రం తిన్నగానే ఉంటుంది, మన బరువే మనల్ని సీటుకి అదుముతుంటే చెవి లోపలి భాగం దాన్ని వేగం అనుకుంటుంది. దీన్ని తిరగేస్తే నిజంలో ఉన్న ప్రమాదం అర్థమవుతుంది, చీకట్లో టేకాఫ్ తీసుకున్నప్పుడు వేగం అలా పెరగడాన్నే మన చెవి, విమానం ముక్కు బాగా పైకి లేచినట్టు నమ్మిస్తుంది, కంగారుపడి ముక్కు కిందకి తోసేవాళ్ళున్నారు. అప్పుడు ఒళ్ళు చెప్పేది పక్కన పెట్టి ఆర్టిఫిషియల్ హొరైజన్‌ని (విమానం ఎటు వాలిందో చూపించే గడియారాన్ని) నమ్మాలి. ఇక్కడ తమ్ముడి 600 గంటలు బాగా అక్కరకొస్తాయి, గడియారాలు ఒక వరసలో చదివే కన్ను వాడికి ముందే ఉంది. సీపీఎల్‌కి కావాల్సిన 200 గంటల్లో 10 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయట చూడకుండా గడియారాలు చూసి నడపడం) ఉండాలి, అందులో 5 గంటల వరకు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఒప్పుకున్న సిమ్‌లో చెయ్యొచ్చు. ఇంటి పీసీ మీద ఆడిన గంటలు మాత్రం ఒక్కటి కూడా లాగ్‌బుక్‌లో ఎక్కవు, అది గుర్తుంచుకో.

రేడియో కూడా ఇప్పుడే మొదలుపెట్టు నాన్నా. సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందు మా బ్యాచ్‌లో సగం మందికి భయం విమానం గురించి కాదు, టవర్ వాళ్ళు గబగబా చెప్పింది అర్థంకాకపోతే ఎలా అని. వ్యాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో మనుషులే కంట్రోలర్లుగా ఉంటారు, అక్కడ మైక్ పట్టుకుని రీడ్‌బ్యాక్ ఇవ్వడం, అంటే వాళ్ళు చెప్పింది తిరిగి చెప్పడం, అలవాటు చేసుకో. నేను మేడ మీద నడుస్తూ గట్టిగా చెప్పుకునేదాన్ని, చేతులు ఒక పని చేస్తుంటే నోరు ఇంకో పని చెయ్యడం ప్రాక్టీస్ మీదే వస్తుంది.

కూకట్‌పల్లి అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబు తొమ్మిదో తరగతి, వాడూ ఈ గేమే ఆడతాడు, పైలట్ అవుతా అంటాడు. ఆడనివ్వాలా? ఎప్పుడు చేర్పించొచ్చు?

తార్నాక అక్క:
ఆడనివ్వండి అమ్మా, చదువు పాడవకుండా టైమ్ పెట్టండి చాలు. స్టూడెంట్ లైసెన్స్‌కి 16 ఏళ్ళు, ప్రైవేట్ లైసెన్స్‌కి 17, కమర్షియల్‌కి 18 నిండాలి, సీపీఎల్ అంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. అన్నిటికంటే ముందు మెడికల్. క్లాస్ 2 మెడికల్ టెస్ట్ చేయించి తర్వాత క్లాస్ 1, అవి వచ్చాకే ఎక్కడైనా ఫీజు కట్టండి. నాకు తెలిసిన ఒక అబ్బాయి ముందు ఫీజు కట్టేశాడు, తర్వాత రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందని మెడికల్‌లో తేలింది, చేరిన చోట డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. ఆ ఇంట్లో ఏడుపులు నేను చూశాను, అందుకే అడిగిన ప్రతి ఒక్కరికీ ఇది చెప్తాను.

ఉప్పల్ కుర్రోడు:
నా మెడికల్‌లు రెండు అయిపోయినయి అక్క. అన్న చెప్పిన బేగంపేట టెస్ట్ చేసిన, 42 డిగ్రీలల్ల విమానం లేవనే లేవది, లేచినంక గూడ బిల్డింగ్‌ల మీదికెల్లి పాకుకుంట పోతది, నాకు భయమేసింది. ఇగ ఏ320 ముట్ట, నెలంత సెస్నానే. ఒక్కటే డౌట్, మొదటి రోజు నాకు సిమ్ వచ్చని సార్‌కు చెప్పాల్నా వద్దా?

సెస్నా అన్న:
చెప్పు. నేను చెప్పలేదు, నా కళ్ళు గడియారాల మీదే ఎందుకు అతుక్కుంటున్నాయో సార్‌కి పట్టుకోవడానికి మూడు సార్టీలు పట్టింది. నువ్వు ముందే చెప్తే మొదటి రోజే డైరీ అడ్డం పెడతారు. ఇంకోటి, వాక్ అరౌండ్‌లో (ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి చూడటంలో) రెక్క కింద ట్యాంక్ నుంచి చిన్న గ్లాసులోకి పెట్రోల్ పట్టమంటారు, సిమ్‌లో అది ఒక క్లిక్ కాబట్టి తేలిగ్గా తీసుకుంటాం. గ్లాసుని తెల్లటి దాని ముందు పెట్టి చూడు, నీలంగా ఉండాలి, అడుగున నీళ్ళ బుడగ కనిపిస్తే పారబోసి మళ్ళీ పట్టు, బుడగ రానంతవరకూ పడుతూనే ఉండు, ఎన్నిసార్లు పట్టినా పోకపోతే ఆ విమానం ఎక్కకు, సార్‌ని పిలువు.